పరిశోధన ఎవరి ప్రశ్నకు జవాబు? తోలు పరిశ్రమ నుంచి అంగన్‌వాడీ దాకా

విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ ప్రయోగశాలల్లో జరిగే పరిశోధన సమాజానికి ఉపయోగపడాలని అందరూ అంటారు. ఈ మాటను కాదనేవాళ్లు ఎక్కడా కనబడరు. చిక్కల్లా ఆ 'సమాజం' అనే మాటలో ఎవరెవరున్నారు అని అడిగినప్పుడే మొదలవుతుంది. ఊరు అన్నప్పుడు వాడను లెక్కలోంచి తీసేయడం మన దేశంలో వేల ఏళ్ల అలవాటు. ఆ అలవాటు ఊరి పొలిమేర దగ్గర ఆగిపోలేదు. ప్రయోగశాల గుమ్మం దాటి లోపలికి కూడా పోయింది.

శాస్త్ర పరిశోధనను మామూలుగా రెండు రకాలుగా చెబుతారు. ప్రకృతి ఏ నియమంతో నడుస్తుందో తెలుసుకోవడానికి చేసేది మౌలిక పరిశోధన. తెలిసిన నియమాన్ని ఒక అవసరానికి వాడుకునే దారి వెతికేది అనువర్తిత పరిశోధన. మొదటిదానికి కుతూహలం చాలు. రెండోదానికి అవసరం కావాలి. అవసరం గాలిలో ఉండదు. అది రైతుదో, వ్యాపారిదో, కార్మికుడిదో, ప్రభుత్వానిదో అయ్యుంటుంది. అందుకని అనువర్తిత పరిశోధన దేన్నయినా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. అది ఎవరి అవసరంలోంచి పుట్టింది? దాని ఫలితం ఎవరి చేతికి పోయింది? దాని నష్టం ఎవరు మోశారు?

ఈ వ్యాసంలో రెండు రంగాలను ఈ మూడు ప్రశ్నల ముందు నిలబెడతాను. ఒకటి తోలు పరిశ్రమ, రెండోది చిన్నపిల్లల చదువు. మొదటిది మన తాతలు చేసిన పని. రెండోది మన పిల్లలకు దక్కాల్సిన హక్కు. రెండింటి మీదా ప్రభుత్వ సొమ్ముతో పరిశోధన జరిగింది, జరుగుతోంది.

సొమ్ము సంగతి ముందే తేల్చుకోవాలి. 1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా జోతిరావు ఫూలే ఇచ్చిన వాంగ్మూలంలో ఒక వాదన ఉంది. చెమటోడ్చే రైతుకూలీల నుంచి వసూలైన పన్నుతో పైకులాల పిల్లల పైచదువులు నడుస్తున్నాయి, ఆ పన్ను కట్టేవాళ్ల పిల్లలకు మాత్రం ప్రాథమిక విద్య కూడా అందడం లేదు అన్నది ఆయన ఆరోపణ. ఆ మాటను ఇవాళ పరిశోధనకు వర్తింపజేసి చూడాలి. అగ్గిపెట్టె కొన్నా, సబ్బుబిళ్ల కొన్నా కూలిమనిషి పన్ను కడుతుంది. ఆ సొమ్ములో ఒక వాటా ప్రయోగశాలలకు పోతుంది. కాబట్టి 'ఈ పరిశోధన వల్ల మాకేం ఒరిగింది' అని వాడ అడిగితే అది లెక్క అడగడమే. దాన్ని ఎవరూ దయాభిక్షగా చూడనక్కర్లేదు.

లంద: పేరుకెక్కని ప్రయోగశాల

పచ్చితోలు రెండు రోజులుంటే కుళ్లుతుంది. సూక్ష్మజీవులు దానిలోని మాంసకృత్తుల్ని తినేస్తాయి. తోలులో ప్రధానంగా ఉండే మాంసకృత్తి పేరు కొల్లాజెన్. దాన్ని సూక్ష్మజీవులు తినలేని రూపంలోకి మార్చడమే తోలు ఊనడం. మాదిగలు ఈ పనిని లందలో చేశారు. పచ్చితోలును సున్నపునీళ్లలో నానేస్తే వెంట్రుక వదులైపోతుంది. వెంట్రుక, కండ గీకేసి, కడిగి, తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లలో వేస్తారు. కొన్నిచోట్ల తోలునే సంచిలాగ కుట్టి, అందులో చెక్కనీళ్లు పోసి వేలాడదీస్తారు. నీళ్లు కొంచెం కొంచెంగా తోలులోంచి ఊరుతూ కిందికి దిగుతాయి. రంగుకీ పుష్టికీ కరక్కాయ వాడతారు. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండే టానిన్లు కొల్లాజెన్ పోగుల్ని పట్టుకుని కట్టేస్తాయి. అప్పుడిక తోలు కుళ్లదు. ఎండినా మెత్తదనం పోదు.

దీనికి రోజులూ వారాలూ పడుతుంది. సున్నం ఎక్కువైతే తోలు పాడవుతుంది, తక్కువైతే వెంట్రుక ఊడదు. చెక్కనీళ్లు మొదట్లోనే చిక్కగా పోస్తే పైపొర మాత్రం పట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఎప్పుడు తీయాలో, ఎప్పుడు కొత్త నీళ్లు పోయాలో వాసన చూసి, చేత్తో తడిమి చెప్పేవాళ్లు. ఆడవాళ్లు తంగేడు చెక్క దంచారు, నీళ్లు మోశారు. పరిశీలన, కొలత, తప్పు దిద్దుకోవడం, తర్వాతి తరానికి నేర్పడం అన్నీ ఇందులో ఉన్నాయి. వీటినే కదా మనం శాస్త్రపద్ధతి అంటున్నాం. లంద నుంచి మోటబొక్కెన వచ్చింది, ఎడ్ల పగ్గాలొచ్చాయి, కిర్రుచెప్పులొచ్చాయి, డప్పు వచ్చింది. ఆ బొక్కెన లేకుండా బావిలో నీళ్లు పొలానికి ఎక్కేవి కావు. ఊరు దీనికి మేర కింద నాలుగు గింజలు కొలిచింది, కొలిచిన చేత్తోనే 'అంటరాదు' అంది.

తంగేడు చెక్కతో ఊనిన దక్షిణాది తోలు 'ఈస్ట్ ఇండియా' తోలు పేరుతో మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు పోయేది. బయటి దేశాల్లో దానికి మంచి గిరాకీ ఉండేది. అంటే మాదిగల లందకూ ప్రపంచ మార్కెట్టుకూ బంధం ఉంది. అయితే మధ్యలో ఉన్నది వర్తకుడు. లాభమూ పేరూ అతనివే అయ్యాయి.

క్రోమ్ వచ్చింది

20వ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే అధికారి క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతిని ప్రయోగించాడు. ఆ తోలుతో చేయించిన వస్తువుల్లో ముఖ్యమైనది మోటబొక్కెన. క్రోమ్ తోలు నీళ్లలో ఎక్కువకాలం మన్నుతుందని ఆయన ఆలోచన. మన దేశంలో తోలుమీద జరిగిన తొలి ప్రభుత్వ అనువర్తిత పరిశోధనల్లో ఇది ఒకటి. ఇక్కడ ప్రశ్న బావి ఉన్న రైతుది: బొక్కెన ఎక్కువ కాలం మన్నడం ఎట్లా? మంచి ప్రశ్నే. దాంట్లో బొక్కెన కుట్టేవాడికి మాత్రం చోటు లేదు. బొక్కెన ఎక్కువ కాలం మన్నితే అతని పనీ మేరా ఏమవుతాయన్నది ప్రశ్నగా మారలేదు.

క్రోమ్ పద్ధతి గెలవడానికి కారణాలున్నాయి. చెక్కతో వారాలు పట్టే పని క్రోమ్‌తో దాదాపు ఒక రోజులో అవుతుంది. క్రోమియం కొల్లాజెన్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది. చెక్కతో ఊనిన తోలు సుమారు 75 నుంచి 85 డిగ్రీల వేడికి ముడుచుకుపోతే, క్రోమ్ తోలు 100 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. పలచగా, మెత్తగా, రంగు వేయడానికి అనువుగా ఉంటుంది. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం క్రోమ్‌తో ఊనిందే. కాని క్రోమ్‌కు తిరిగే పీపాలు కావాలి, కరెంటు కావాలి, రసాయనాలు కావాలి, పెట్టుబడి కావాలి. లంద ఉన్నవాడి దగ్గర ఇవేవీ లేవు.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ (సీఎల్ఆర్ఐ) మొదలైంది. 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ మన తెలుగువాడే. 1922లో తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టాడు. తోలు వాసనకు ముక్కు మూసుకునే సమాజంలో ఆ కుటుంబం నుంచి వచ్చి తోలు శాస్త్రం చదవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. శాస్త్రం ప్రజల దగ్గరికి పోవాలన్నది ఆయన పట్టుదల. 1971 నుంచి సీఎస్ఐఆర్ ప్రయోగశాలలన్నిటికీ పెద్దగా ఉన్నప్పుడు కరీంనగర్ జిల్లాను తీసుకుని, జిల్లా సమస్యలకు ప్రయోగశాలల జ్ఞానాన్ని వాడే పథకం నడిపించాడు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో చనిపోయాడు. ఆయన కృషిని తక్కువ చేయాల్సిన పనిలేదు. మనం చూడాల్సింది వ్యక్తి మంచితనం తర్వాత ఏమి మిగిలిందనేది.

1972లో సీతారామయ్య కమిటీ వేశారు. 1973 నుంచి పచ్చితోళ్ల ఎగుమతిని ఆపి, సగం తయారైన తోలు ఎగుమతికి హద్దులు పెట్టి, పూర్తిగా తయారైన తోలునూ తోలు వస్తువులనూ ప్రోత్సహించే విధానం వచ్చింది. దేశానికి డాలర్లు తెచ్చే విధానం కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. పరిశోధనా సంస్థ దానికి సాంకేతిక వెన్నుదన్నుగా నిలిచింది. అదే 1973లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లిడ్‌క్యాప్ అనే తోలు పరిశ్రమల కార్పొరేషన్ పెట్టింది. కాని ఊళ్లో జరుగుతున్నది వేరు. పచ్చితోలును కార్ఖానా దళారీ కొనుక్కుపోయాడు. మోట పోయి కరెంటు మోటారు వచ్చింది. కిర్రుచెప్పుల స్థానంలో రబ్బరు చెప్పులొచ్చాయి. మాదిగ చేతిలో పనిముట్టు పోయి కార్ఖానాలో రోజుకూలీ మిగిలింది. తోలు లందలో ఉన్నంతకాలం అంటు. ప్రయోగశాలకు పోయాక అది టెక్నాలజీ, డిగ్రీ, విదేశీ మారకద్రవ్యం.

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ప్రశ్న ఎగుమతిదారుది, ఫలితం పెట్టుబడి ఉన్నవాడిది.

పాలారు బావులు

మూడో ప్రశ్నకు జవాబు తమిళనాడులో పాలారు ఒడ్డున ఉంది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ప్రాంతాల్లో తోలు కార్ఖానాలు వందల్లో పెరిగాయి. కార్ఖానాల్లో తడిపని చేసేవాళ్లలో దళితులదే పెద్దసంఖ్య. తమిళనాడు అరుంధతీయుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, కాబట్టి ఇది మనకు పరాయి కథ కాదు.

క్రోమ్ పద్ధతిలో పీపాలో వేసిన క్రోమియంలో మామూలుగా 60 నుంచి 70 శాతమే తోలుకు పడుతుంది. మిగతాది నీళ్లలో పోతుంది. అంతకుముందే తోలు కుళ్లకుండా చల్లిన ఉప్పు ఉంటుంది. వెంట్రుక ఊడడానికి సున్నంతో కలిపి వేసే సోడియం సల్ఫైడు ఉంటుంది. ఉప్పు నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి మామూలు శుద్ధితో దాన్ని తీయలేరు. భూమిలోకి ఇంకి బావుల్లో తేలుతుంది. పొలం చౌడుబారుతుంది.

వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకు పోయింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. ఆ తీర్పులో నమోదైన లెక్కలు చూడండి. కిలో తోలు తయారీకి సుమారు 35 లీటర్ల నీళ్లు పడుతున్నాయి. క్రోమ్ పద్ధతిలో 170 రకాల రసాయనాలు వాడుతున్నారు. కార్ఖానాలున్న ప్రాంతంలో దాదాపు 35 వేల హెక్టార్ల భూమి కొంతగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయిందని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వెల్లూరు కేంద్రం తేల్చింది. దిండిగల్ ప్రాంతంలో 13 గ్రామాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ చేసిన సర్వేలో 467 బావుల్లో 350 చెడిపోయాయి. కోర్టు ఒక్కో కార్ఖానాకు 10 వేల రూపాయల జరిమానా వేసింది. కాలుష్యం చేసినవాడే దాని ఖర్చు భరించాలని చెప్పింది. నష్టపరిహారం లెక్కగట్టడానికి ఒక అథారిటీ పెట్టమంది. అప్పట్లో ఆ జిల్లా పేరు నార్త్ ఆర్కాట్ అంబేడ్కర్ జిల్లా. 1927లో మహాడ్ చెరువు నీళ్ల కోసం పోరాడినవాడి పేరున్న జిల్లాలోనే తాగునీళ్ల కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది.

ఈ తీర్పులో పరిశోధకులు గమనించాల్సిన ఒక విషయముంది. కోర్టు ముందు నిలబడి గెలిపించిన ఆధారాల్లో బావులు లెక్కపెట్టిన సర్వే ఒకటి, పొలాలు కొలిచిన సర్వే ఒకటి. వాటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బావి బావికీ పోయి నీళ్లు చూసి, రాసుకోవడమే ఆ పని. తోలు తయారీ మీద అప్పటికి దశాబ్దాలుగా గొప్ప పరిశోధనలు జరిగాయి. అయినా నీళ్లు తోడుకునేవాళ్ల ప్రశ్నకు జవాబు ఈ బావుల లెక్కలోనే దొరికింది. అనువర్తిత పరిశోధన సమాజానికి ఉపయోగపడడమంటే ఇదీ ఒక రూపమే. దీన్ని చిన్నచూపు చూసే గైడ్లు మన విశ్వవిద్యాలయాల్లో కొదవలేదు.

శుభ్రమైన తోలు, శుభ్రంకాని పని

తీర్పు తర్వాత పరిశోధన దారి మారిందన్నది నిజం. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు పెరిగాయి. వెంట్రుక ఊడదీయడానికి సల్ఫైడు తగ్గించి ఎంజైములు వాడే పద్ధతులొచ్చాయి. ఉప్పు తగ్గించే పద్ధతులొచ్చాయి. మామూలుగా క్రోమ్ వేయడానికి ముందు తోలును ఉప్పు, ఆమ్లం కలిపిన నీళ్లలో నానేస్తారు, వేసిన తర్వాత క్షారం కలుపుతారు. నీళ్లు లేకుండానే క్రోమ్ పట్టించి ఈ రెండు దశల్నీ ఎత్తేసే పద్ధతిని సీఎల్ఆర్ఐ రూపొందించింది. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. మనం వీటికి వ్యతిరేకం కాదు.

అయితే 2015 జనవరి 31న రాణిపేటలో ఏం జరిగిందో మరవకూడదు. తోలు కార్ఖానాల ఉమ్మడి శుద్ధి కేంద్రంలో బురద నిల్వచేసిన తొట్టి గోడ కూలింది. పక్కనే నిద్రపోతున్న 10 మంది కార్మికులు ఆ బురదలో చనిపోయారు. శుద్ధి కేంద్రం నదికి రక్షణ. దాని బురద ఎక్కడ పెడతారు, దాని పక్కన ఎవరు నిద్రపోతారు అన్నది కూడా లెక్కలోకి రాకపోతే కాలుష్యం ఒకచోట నుంచి ఇంకోచోటికి మారుతుందంతే. సల్ఫైడు ఉన్న మురుగుకు ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తిని కోల్పోతుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. గుంతలోకి దిగేవాడికి ఈ నాలుగు ముక్కలు అతని భాషలో చెప్పి, అసలు మనిషి దిగనక్కర్లేని గుంత కట్టడం కూడా అనువర్తిత పరిశోధనే.

ఇంకో సంగతి. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. తోలు శుభ్రపడింది, తోలుపని చేసే మనిషి మీది కసి శుభ్రపడలేదు. ఏ రసాయనమూ ఆ పని చేయలేదు. 'పర్యావరణానికి మేలు' అన్న ముద్ర ఒక వస్తువు మీద పడాలంటే నీళ్లూ నేలా బాగుండడంతో సరిపోదు. ఆ పని చేసే మనిషి ప్రాణమూ గౌరవమూ ఆ లెక్కలో ఉండాలి.

చెక్కతో ఊనిన తోలుకు ఇప్పుడు మళ్లీ విలువ వస్తోంది. 2019లో కొల్హాపురి చెప్పులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా అచ్చం వాటిలాంటి చెప్పుల్ని మిలాన్ ప్రదర్శనలో పెట్టింది, మొదట వాటి మూలం చెప్పలేదు. గొడవయ్యాక ఒప్పుకుంది. లంద జ్ఞానం పాతబడలేదనడానికి ఇదొక సాక్ష్యం. కాగితం మీద పేరు లేకపోతే ఆ జ్ఞానం మళ్లీ ఇతరుల సొత్తవుతుందనడానికి కూడా ఇదే సాక్ష్యం.

మూడేళ్ల పిల్ల ప్రశ్న ఎవరు అడగాలి?

తోలు కథలో బాధితులు ఆలస్యంగానైనా కోర్టుదాకా పోగలిగారు. మూడేళ్ల పిల్ల ఆ పనీ చేయలేదు. ఆ పిల్ల అవసరమేమిటో పెద్దవాళ్లు తేలుస్తారు. అందుకే మన మూడు ప్రశ్నలు చిన్నపిల్లల చదువు దగ్గర మరింత గట్టిగా అడగాలి.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. అంగన్‌వాడీ అందులోంచి వచ్చింది. అక్కడి టీచరమ్మ పిల్లల్ని తూకం వేయాలి, తిండి పెట్టించాలి, గర్భిణీల లెక్క రాయాలి, రిజిస్టర్లు నింపాలి, ఆ మిగిలిన టైములో ఆటపాటలతో చదువు చెప్పాలి. ఆ మిగిలే టైము ఎంత? తమిళనాడులో 640 అంగన్‌వాడీల్లో జరిగిన ఒక అధ్యయనం ఈ ప్రశ్ననే తీసుకుంది. గనిమియన్, మురళీధరన్, వాల్టర్స్ అనే ముగ్గురు పరిశోధకులు కొన్ని కేంద్రాలకు చదువు చెప్పడానికే ఒక సగంరోజు కార్యకర్తను అదనంగా ఇచ్చి, మిగతా కేంద్రాలతో పోల్చి చూశారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. చదువు చెప్పే సమయం రెట్టింపయింది. పిల్లల నేర్పు పెరిగింది. పాత టీచరమ్మకు తిండి, ఆరోగ్యం చూసుకునే తీరిక దొరకడంతో ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. ఒక్క సగంరోజు మనిషిని ఇస్తే ఇంత తేడా. ప్రభుత్వం చేయాల్సిందేమిటో ఇంత తేటగా చెప్పిన పరిశోధనలు తక్కువ.

అయితే సగటు లెక్కల్లో వాడ కనబడదు. అంగన్‌వాడీ ఊళ్లో ఉందా వాడలో ఉందా, వండేదెవరు, మన పిల్ల గిన్నె ఎక్కడ పెడతారు, నీళ్లు పైనుంచి పోస్తారా అన్నవి వేరే ప్రశ్నలు. బడిభోజనం విషయంలో ఇలాంటి ప్రశ్నల్ని సుఖదేవ్ థోరట్, జోయల్ లీ అడిగారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాల్లో 531 గ్రామాల సర్వే ఆధారంగా రాసిన వాళ్ల వ్యాసం 2005లో వచ్చింది. తిండి ఎన్ని గ్రాములన్న లెక్క పక్కన, తిండి ఏ వాడలో వండుతున్నారు, ఏ కులం చేత్తో వడ్డిస్తున్నారు అన్న లెక్క చేరింది. వివక్షను 'అక్కడక్కడా జరిగే సంఘటన'గా కొట్టిపారేయడం దాంతో కష్టమైంది.

ఇదే కాలంలో ఆహారహక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, ఎస్.ఆర్. శంకరన్ క్షేత్రం నుంచి నివేదికలు పంపారు. 2004 ఏప్రిల్ 20న కోర్టు బడిభోజనం వండే పనిలో దళితులకు, షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలంది. అదే ఏడు అక్టోబరులో షెడ్యూల్డు కులాలు, తెగల ఆవాసాలన్నిటికీ అంగన్‌వాడీలు త్వరగా రావాలంది. వాడలో అంగన్‌వాడీ పెడితే మన పిల్ల ఊరి గడప దాటుకుని పోనక్కర్లేదు. ఊరి పిల్లలు వాడకు రావాలి. ఆ చిన్న మార్పుకు ఊరు ఎంత ఎదురుతిరుగుతుందో తెలిసినవాళ్లకు ఈ ఆదేశం విలువ తెలుస్తుంది.

కులం పిల్లల మెదడు మీద ఏం చేస్తుందో చూపిన ప్రయోగం ఇంకోటుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్‌లో 6, 7 తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనిపెట్టమన్నారు. కులం ఊసెత్తనప్పుడు కింది కులాల పిల్లలూ పైకులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. ఒక్కొక్కరి పేరూ కులమూ అందరి ముందూ చదివాక కింది కులాల పిల్లలు వెనకబడ్డారు. పిల్లలు అవే, బొమ్మలు అవే. మారింది గదిలో వినబడిన మాట ఒక్కటే. 'మీ పిల్లలకు తెలివి తక్కువ' అని తరాలుగా చెప్పినవాళ్లకు ఇది జవాబు. 2004లో వెలువడిన ఈ ఫలితాలు మన టీచర్ల శిక్షణలో పాఠం కావాలి. హాజరు పిలిచేటప్పుడు, స్కాలర్‌షిప్పు కాగితాలు పంచేటప్పుడు 'ఎస్సీ పిల్లలు నిలబడండి' అనే టీచరు ఏం చేస్తున్నాడో తెలుసుకుని చేయాలి.

భాష సంగతి కూడా ఉంది. 2004 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర వంటి 8 ఆదివాసీ భాషల్లో 240 బడుల్లో మొదటి తరగతి నుంచి ఇంటిభాషలో చదువు మొదలుపెట్టారు. తెలియని భాషలో అక్షరాలు దిద్దించడం పిల్లను గుడ్డిగా నడిపించడమేనన్న అవగాహన దాని వెనకుంది. దళిత పిల్లల ఇంటిభాష తెలుగే కాబట్టి వాళ్లకు ఆ సమస్య లేదనుకుంటారు. వాచకంలోని తెలుగు ఎవరింటి తెలుగు? లంద, ఆరె, రంపె, పగ్గం, డప్పు అనే మాటలతో పెరిగిన పిల్ల వాచకంలో తన ఇంటి పనిముట్టు ఒక్కటీ చూడదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం కుండ, తోలు, వ్యవసాయం, చాకలి పనుల వెనకున్న శాస్త్రాన్ని చెబుతూ ఒక పుస్తకం రాశాడు. ఆ దారిలో ఇంకా చేయాల్సింది కొండంత ఉంది. తోలు మీద పరిశోధన, చిన్నపిల్లల చదువు మీద పరిశోధన కలుసుకునేది సరిగ్గా ఇక్కడే. సున్నపునీళ్లలో వెంట్రుక ఎందుకు ఊడుతుందో చెప్పే పాఠం మంచి రసాయనశాస్త్రం. అది తన తాత పని అని తెలిసిన పిల్లకు అంతకుమించి మంచి ధైర్యం కూడా.

చేయాల్సిన పనులు

ప్రశ్న మార్చడం ఎంత పెద్ద పనో అంబేడ్కర్ 1918లోనే చూపించాడు. సాగుభూములు చిన్నచిన్న ముక్కలైపోయాయి, వాటిని కలపడం ఎట్లా అని ప్రభుత్వమూ పండితులూ అడుగుతున్నారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది దాని విస్తీర్ణాన్ని బట్టి తేలదు, దానిమీద పెట్టే పెట్టుబడి, పనిముట్లను బట్టి తేలుతుంది అని ఆయన తన వ్యాసంలో వాదించాడు. భూమిమీద ఎక్కువైన జనానికి పరిశ్రమల్లో పని చూపమన్నాడు. ప్రశ్న మారగానే జవాబు దొరికే చోటు కూడా మారిపోయింది.

మన పరిశోధకులు చేపట్టగలిగినవి కొన్ని చెబుతాను. తోలు సాంకేతికత ఏదైనా కొత్తది వచ్చినప్పుడు నీళ్ల ఆదా, క్రోమ్ ఆదాతోపాటు తడిపని చేసేవాళ్ల చర్మం, ఊపిరితిత్తులు, కూలి కూడా కొలవాలి. కార్ఖానాల చుట్టూ ఉన్న బావుల నీళ్లను ఏటా పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో ఆ వాడలోనే చదివి వినిపించాలి. మిగిలిన లందలవాళ్ల జ్ఞానాన్ని రాసిపెట్టాలి, రాసినప్పుడు చెప్పినవాళ్ల పేర్లు, అనుమతి ఉండాలి. అంగన్‌వాడీల మీద చేసే ప్రతి అధ్యయనంలో అది ఎక్కడుంది, ఎవరు వండుతున్నారు అన్న రెండు గడులు తప్పనిసరి చేయాలి. పనిపాటల మాటల్ని ఊరూరా సేకరించి పిల్లల పుస్తకాలకు అందించాలి.

డబ్బు లేదనే జవాబు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. మన వాటా నిధుల్లో కొంత మన ప్రశ్నల మీద పరిశోధనకు కేటాయించమని అడగడానికి దారి ఉంది. 2005-06 నుంచి షెడ్యూల్డు కులాల విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్పులు వచ్చాక, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినోళ్లు కూడా పరిశోధనలోకి వస్తున్నారు. వచ్చినోళ్లకు 'ఇది మీ కులం గొడవ, సైన్సు కాదు' అనే మాట సెమినార్ గదుల్లో వినబడుతూనే ఉంది. 467 బావుల్లో 350 చెడిపోయాయన్న లెక్క కులం గొడవా, సైన్సా? సుప్రీంకోర్టు దాన్ని ఆధారంగా తీసుకుంది. అట్లాంటి లెక్కలు తీయడానికి బావి ఎక్కడుందో తెలిసినోళ్లు కావాలి. ఆ బావి నీళ్లు తాగి పెరిగినోళ్లు ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. ఏ ప్రశ్న మీద పనిచేయాలో ఎంచుకునే హక్కు వాళ్లకు దక్కాలి.